నలభై ఏడు కిలోమీటర్లు

ఆన్ ఆర్బర్, మిషిగన్
14 అక్టోబరు 2024

అమ్మమ్మా,

ఫోనులో అన్న మాటకు తేదీ ఉండదంటావు కదా, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఒత్తులన్నీ సరిచూశాను. అయినా నీకు ఏదో ఒకటి దొరుకుతుంది.

దసరా ఫొటో అమ్మ పంపింది. మన జింజ్ ఫ్లాట్ కింద తాతయ్య నీలం కారు, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, పక్కన నిటారుగా నువ్వు. కారు కంటే నువ్వే కొత్తగా కనిపించావు.

ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు తాతయ్య ఏమనేవాడో గుర్తుందా? "ఈ కారు అమెరికాలో అమ్మరు, తెలుసా?" జపాన్ వాళ్ళు టర్బో ఇంజను పెట్టి ఇన్ని దేశాల్లో అమ్మిన బండి అమెరికాకు దొరకలేదు, వేంకటాచలం గారికి దొరికింది. ఆ గర్వం ఆయన మీసాల్లోనే కనిపించేది. నాకు పదేళ్ళప్పుడు జల్లాఖ్ బీచి దగ్గర నన్ను బానెట్ మీద కూర్చోబెట్టి మాట ఇచ్చాడు: "అమెరికా వాడు ఒప్పుకున్న రోజున ఇది నీది." అక్కడ నువ్వు కూడా ఉన్నావు. సాక్షివి.

ఆ రోజు వస్తోంది. కారుకు ఇరవై ఐదేళ్ళు నిండితే ఇక్కడికి తెచ్చుకోవచ్చు. తాతయ్య దాన్ని కొన్నది 2000 దసరాకు, అంటే వచ్చే అక్టోబరుకు నిండుతాయి. ఇప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రాయి. ఇంకొక్క మాట. డ్రైవరు సీటు తాతయ్య వదిలిన చోటే ఉండాలి, ఎవరినీ కదపనివ్వకు. వీసా కాగితాల కోసం ఆగిపోయి ఆయన చివరి రోజుకు నేను రాలేకపోయాను. ఆ సీటులో ఒకసారి కూర్చోవాలి.

ఉజ్వల


జింజ్, బహ్రెయిన్
1 నవంబరు 2024

ఉజ్వలా,

నీ ఉత్తరం పదిహేను రోజులకు చేరింది. తప్పులు రెండు. గుర్తుపెట్టి వెనక్కి పంపుతున్నాను, దిద్దుకో.

సాక్షిని అన్నావు. అవును. మీ తాతయ్య ఆ మాట అన్నది 2008 డిసెంబరు రెండో శుక్రవారం. నువ్వు బానెట్ మీద గీత పెట్టావు, అది కూడా నా కారు పుస్తకంలో ఉంది. ఆయన ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ మీటరు అంకె కేకవేస్తే నేను అందులో రాసేదాన్ని. ఇరవై రెండేళ్ళకు పైగా ఆ కారుతో నాకు ఉన్న సంబంధం అంతే.

ఇప్పటి రీడింగు 1,86,204. నిరుడు జూన్‌లో ఆయన పోయిననాటి అంకె కూడా ఇదే. జిదాఫ్స్ గ్యారేజీ మెకానిక్కు గంగన్న శుక్రవారం శుక్రవారం వచ్చి పది నిమిషాలు ఇంజను నడిపి ఆపేస్తాడు. బండిని కదపడు.

నాకు ఒక్కటి అర్థం కాలేదు. మంచి బండి అయితే అమెరికాలో ఎందుకు అమ్మలేదు? మంచిది కాకపోతే నీకెందుకు? ఇన్నేళ్ళు మీ తాతయ్యను అడిగితే "నీకు అర్థం కాదులే ప్రభా" అన్నారు. నేను ఇక్కడి స్కూల్లో ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. అర్థమయ్యేలా చెబితే అర్థమవుతుంది.

అమ్మమ్మ


ఆన్ ఆర్బర్
18 నవంబరు 2024

అమ్మమ్మా,

చెబుతాను, విను. మంచి బండే. కానీ అమెరికాకు సొంత నిబంధనలు ఉన్నాయి. దీపాలు ఎలా వెలగాలి, బండికి పక్కల ఏ రంగు దీపాలుండాలి, బంపరు ఎంత దెబ్బ ఓర్చాలి, పొగ ఎంతవరకు రావచ్చు అన్నీ వాళ్ళ కొలతల్లోనే. మిగతా దేశాల పరీక్షలు పాసైతే చాలదు. అమ్మదలచుకున్న ప్రతి మోడల్‌లోనూ కొన్ని కొత్త బళ్ళను గోడకు గుద్దించి చూపించాలి. నా ఉద్యోగమే అది కదా! ఏటా కొద్ది వందల మంది మాత్రమే కొనే వేగం బండి కోసం ఇంత చేయడం ఎందుకని కంపెనీలు ఊరుకుంటాయి. అందుకే జపాన్, యూరప్ వాళ్ళ మంచి మంచి బళ్ళు కొన్ని ఇక్కడికి రాలేదు.

ఒకప్పుడు జనం సొంతంగా తెప్పించుకునేవారు. 1988లో చట్టం బిగించి ఆ దారీ మూసేశారు. కానీ ఒక సందు వదిలారు. తయారై ఇరవై ఐదేళ్ళు నిండిన బండికి ఈ రక్షణ నిబంధనలేవీ వర్తించవు.

ఒక చిన్న సాయం కావాలి. లెక్క కొన్న రోజు నుంచి కాదట, తయారైన నెల నుంచట. గల్ఫ్ బళ్ళకు డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద చిన్న పలక ఉంటుంది. నెల, సంవత్సరం దాని మీద ఉంటాయి. చూసి రాస్తావా?

నీ ఉజ్వల

తా.క. తప్పులు ఈసారి సున్నా. పందెం.


జింజ్
8 డిసెంబరు 2024

ఉజ్వలా,

తప్పు ఒకటి. పందెం ఏమిటో రాయలేదు కనుక వదిలేశాను.

నీ అమెరికా చట్టం మూడుసార్లు చదివాను. కొత్తగా ఉన్నప్పుడు ప్రమాదకరమైన కారు, బ్రేకులు అరిగి, రబ్బర్లు ఎండి, ఇరవై ఐదేళ్ళు అయ్యాక క్షేమకరమవుతుందా? నా క్లాసులో ఎవరైనా ఈ జవాబు రాసి ఉంటే సున్నా వేసి, తల్లిదండ్రుల్ని పిలిపించేదాన్ని. పాతదైతే క్షేమమని కాదు, ఇక పట్టించుకోరని దాని అర్థం. అలాగని వాళ్ళే రాసుకుంటే మర్యాదగా ఉండేది.

ఇక్కడ ఎవరైనా నీ ఉద్యోగం అడిగితే "కార్లు గోడకు గుద్దిస్తుంది" అనలేక ఇంజనీరు అని ఆపేస్తున్నాను.

ఇక పలక సంగతి. దాని మీద బొట్టు ఉంది. బానెట్ మీద పెడితే ఇక్కడి ఎండకు పసుపు కారు రంగును తినేస్తుందని, మీ తాతయ్య తలుపు తీసి ఆ స్తంభానికే పెట్టేవారు. 2000 నుంచి 2022 దాకా ఇరవై మూడు దసరాలు, బొట్టు మీద బొట్టు. అది గోరంత మందం అయింది. అలాంటి బొట్టు చెరపమని అడగడం నీకు సబబేనా? ఆలోచించు.

మీ అమ్మ సరిత క్షేమం. ఆఫీసు, ఇల్లు, నాకు మాత్రలు, జాగ్రత్తలు. మెట్లు దిగవద్దంటుంది, లిఫ్టు ఒంటరిగా ఎక్కవద్దంటుంది. ఈ రెండూ కలిపితే నేను గాలిలో దిగాలి.

రీడింగు 1,86,251.

అమ్మమ్మ


ఆన్ ఆర్బర్
26 డిసెంబరు 2024

అమ్మమ్మా!

బొట్టు సంగతి సరే, సిగ్గుపడ్డాను, ఇక అడగను. అక్టోబరు దాకా ఆగుతాను.

కానీ నీ ఉత్తరం చివరి అంకె చూశావా? 1,86,204 కాస్తా 1,86,251 అయింది! నలభై ఏడు కిలోమీటర్లు! నిలబెట్టి ఇంజను నడిపితే ఈ అంకె కదలదు. నలభై ఏడును సగం చేస్తే ఇరవై మూడున్నర. జింజ్ నుంచి జల్లాఖ్ బీచికి సరిగ్గా అంతే. తాతయ్య శుక్రవారం మనల్ని తిప్పిన దారి నాకు తెలియదా?

నాకు గంగన్న మీద అనుమానం. నీకు పది నిమిషాలని చెప్పి, తన రూములో వాళ్ళను ఎక్కించుకుని బీచికి షికారు పోతున్నాడు. తాళం వెంటనే తీసుకో. సీటు కదిపాడేమో చూడు. నేను అమ్మకు ఫోను చేసి చెబుతాను.

ఉజ్వల


జింజ్
12 జనవరి 2025

ఉజ్వలా,

మీ అమ్మకు ఫోను చేయవద్దు. ముందు ఇది చదువు.

పద్దెనిమిదేళ్ళుగా మన బండి చూస్తున్న మనిషిని కళ్ళతో చూడకుండా దొంగను చేశావు. ఒక అంకె కనిపించగానే తీర్పు చెప్పేశావు. అంకె తప్పు కాదు, నీ జవాబు తప్పు. గంగన్నకు క్షమాపణ రాసి పంపు, నేను చదివి వినిపిస్తాను.

బండి నడిపింది నేను.

నాకు 1996 నవంబరు నుంచి ఇక్కడి డ్రైవింగు లైసెన్సు ఉంది. గడువు వచ్చినప్పుడల్లా ఒక్కరోజు ఆలస్యం లేకుండా రెన్యువల్ చేయించాను. నడపడం మాత్రం ఎన్నడూ కుదరలేదు. ఈ కారు కొన్నాక అడిగితే మీ తాతయ్య, "క్లచ్ నీకు అందదు ప్రభా" అన్నారు. అందదు కాబోలనుకుని నేను పుస్తకంలో అంకెలు రాస్తూ కూర్చున్నాను.

బండి వెళ్ళిపోతుందన్న నీ మొదటి ఉత్తరం చదివాక, నవంబరులో గంగన్నను అడిగాను. అతను చేతులు తుడుచుకుంటూ, "అమ్మా, లైసెన్సు పెట్టెల దాసుకుంటే బండి నడుస్తదా? యల్లా, పోదాం పాండ్రి, నేను నేర్పిస్త" అన్నాడు. మూడు శుక్రవారాలు ఉదయం గ్యారేజీ పాత పికప్పులో నేర్పాడు. నలగాల్సిన గేర్లు దానివే నలిగాయి. నాలుగో శుక్రవారం మన బండి ఎక్కాను. నిజంగానే క్లచ్ అందలేదు.

"అందదని ఆయన అననే అన్నారు," అన్నాను.

గంగన్న నన్ను అదోలా చూశాడు. "గదేందమ్మా, సీటు ముందటికి జరుపుకుంటె అందుతది గద!" అని కింద చేయి పెట్టి ఒక కడ్డీ లాగాడు. సీటు నాలుగు గళ్ళు ముందుకు వచ్చింది. కాలు క్లచ్ మీద పడింది.

అంతే, ఉజ్వలా. ఇరవై మూడేళ్ళు ఆయన సీటు జరిపి చూడలేదు. నేనూ జరపమని అడగలేదు. తప్పు చెరిసగం.

బండి నాలుగుసార్లు ఆగిపోయింది. ఐదోసారి కదిలింది. జల్లాఖ్ దాకా వెళ్ళి, సముద్రం చూసి, ఫ్లాస్కులో కాఫీ తాగి వచ్చాం. దారిలో గంగన్న ఊపిరి బిగబట్టి కూర్చుని, దిగాక, "దుబాయికొచ్చి ఇన్నేండ్లాయె, ఇంత మెల్లగ పోయెటోళ్లను సూడలే. పక్కపొంటి సైకిలాయన మనల్ని దాటిండు" అన్నాడు. అతనికి గల్ఫ్ అంతా దుబాయే. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వెళ్తున్నాను. ఒక శుక్రవారం వాన పడి మానాను. మీ అమ్మకు ఇంకా తెలియదు. గంగన్న ఇంజను నడుపుతున్నాడనుకుంటోంది.

సీటు కదపవద్దన్నావు, కదిపాను. నాలుగు గళ్ళని రాసి పెట్టుకున్నాను. ఎప్పుడైనా సరిగ్గా వెనక్కి జరపగలను.

నీకు రీడింగు దాచి రాయవచ్చు, లేదా అసలు రాయకపోవచ్చు. రెండూ చేతకాలేదు.

1,86,439.

అమ్మమ్మ


ఆన్ ఆర్బర్
30 జనవరి 2025

అమ్మమ్మా,

ల్యాబులో అందరి ముందూ గట్టిగా నవ్వేశాను. తర్వాత సీటు దగ్గరికి వచ్చాక నవ్వు ఆగిపోయింది. ఆ పేరా మళ్ళీ మళ్ళీ చదివాను.

గంగన్నకు క్షమాపణ విడిగా జతచేశాను. ఆ కాగితంలో తప్పులు దిద్దకు, ఉన్నది ఉన్నట్టు చదువు.

ఇంకో ఎనిమిది నెలలు బండి నీదే. తనివితీరా నడుపు. అక్టోబరులో ఓడ ఎక్కిద్దాం. ఇక్కడ నా స్నేహితులు షెడ్డులో చోటు చూశారు, గోడకు నీలం రంగు కూడా వేశారు. అమెరికాలో దొరకని బండి వస్తోందని ఊరంతా చెప్పేశాను. తాతయ్య పోలికే, ఏం చేయను!

సీటు వెనక్కి జరపడం ఓడ ఎక్కించే ముందు చాలు.

నీ ఉజ్వల


జింజ్
20 ఫిబ్రవరి 2025

ఉజ్వలా,

క్షమాపణ చదివి వినిపించాను. గంగన్న తల గోక్కుని, "చిన్నమ్మ గంత పెద్ద ఇంజనీరు, నాకు చిట్టీ రాసిందా? ఇది మా ఇంటిదానికి పంపిస్త" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు అది జగిత్యాల దారిలో ఉంది.

ఇక్కడ పెద్ద గొడవ జరిగింది. బండి మీ అమ్మ పేరున ఉంది కదా, ఫిబ్రవరి 7 శుక్రవారం జల్లాఖ్ రోడ్డు కెమెరా పెట్టిన కేసు ఆమె ఫోనుకు వచ్చింది. వందకు మించకూడని చోట నూట పద్దెనిమిది.

"కెమెరా పాడైనట్టుంది," అంది సరిత. "బండి కిందనే ఉంది కదా. ఫిర్యాదు చేస్తాను."

"చేయవద్దు. కెమెరా సరిగ్గానే ఉంది," అన్నాను. "నేను చూశాను. నూట పద్దెనిమిదే."

సరిత చేతిలోని ఇడ్లీ పళ్ళెం బల్ల మీద పెట్టింది. "నువ్వెక్కడ చూశావమ్మా?"

"స్టీరింగు వెనక నుంచి."

సరిత ఒక్కసారిగా మొదలుపెట్టింది. "నీకు అరవై ఎనిమిదేళ్ళు! బీపీ! మోకాళ్ళు! నిన్ను లిఫ్టులో ఒంటరిగా వెళ్ళవద్దంటే, నువ్వు హైవే మీద..."

"ఇరవై ఐదేళ్ళు దాటినవాటికి రక్షణ నిబంధనలు వర్తించవు," అన్నాను. "అమెరికా చట్టం. నీ కూతురే రాసింది. ఉత్తరం చూపించనా?"

కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించింది. కుదరలేదు, నవ్వేసింది. కానీ వేగం నా తప్పే, చట్టంతో ఆటలాడను. ఎవరూ అడగకుండానే వారం రోజులు తాళం ఆమెకు అప్పగించాను. నిన్న గడువు తీరింది. తిరిగి తీసుకున్నాను. వచ్చే శుక్రవారం తనూ వస్తానంది, నన్ను కనిపెట్టడానికట.

ఇక నీకు చెప్పవలసినది. వాయిదా వేస్తూ వచ్చాను.

డిసెంబరు ఉత్తరంలో నేను అబద్ధం రాయలేదు. తీసి చూడు. బొట్టు చెరపమనడం సబబేనా అని మాత్రమే అడిగాను. అప్పటికే చెరిపి రెండు రోజులైంది. మొదటిసారి జల్లాఖ్ నుంచి వచ్చిన రోజున, కొబ్బరినూనెలో దూది ముంచి, పొర పొర తీసి చూశాను. తర్వాత కొత్త బొట్టు పెట్టాను.

పలక మీద ఉన్నది మార్చి 2000. బండి తయారై ఓడలో వచ్చి, ఇక్కడి షోరూములో ఐదు నెలలు నిలబడ్డాక మీ తాతయ్య దసరా ముహూర్తానికి కొన్నారు. దసరాకు కొన్నాం కనుక దసరాకే పుట్టిందనుకున్నాం. నువ్వూ నేనూ ఆయనా, అందరం తప్పే.

అంటే బండికి వచ్చే నెలకే ఇరవై ఐదు నిండుతాయి. అక్టోబరు దాకా ఆగనక్కరలేదు. ఇది నీకు డిసెంబరులోనే రాయాలి. ఇంకో నాలుగు శుక్రవారాలు దొరుకుతాయని రాయలేదు. తర్వాత ఇంకో నాలుగు. నీ ఎనిమిది నెలల ఉత్తరం చదివాక, రాయకపోతే ఇక నేను లెక్కల టీచరును కానని అనిపించింది.

ఆయన మాట ఇచ్చారు. నేను సాక్షిని. ఏప్రిల్ మొదటి వారానికి ఓడ కాగితాలు చూడమని గంగన్నతో చెప్పాను. సీటు నాలుగు గళ్ళు వెనక్కి జరిపించి పంపుతాను.

1,86,627.

అమ్మమ్మ


ఆన్ ఆర్బర్
10 మార్చి 2025

అమ్మమ్మా,

ఓడ కాగితాలు ఆపు. ఈ ఉత్తరం చేరేలోగా అమ్మ కూడా చెబుతుంది. ఆ మాటకు తేదీ ఉండదు కనుక ఇక్కడ వేస్తున్నాను: 10 మార్చి.

తాతయ్య మాట మళ్ళీ చదువు. అమెరికా వాడు ఒప్పుకున్న రోజున ఇది నీది అన్నాడు. ఒప్పుకున్నాడు, నాదయింది. ఎక్కడ ఉంచాలో ఆయన చెప్పలేదు. నా బండి, నా ఇష్టం. బహ్రెయిన్‌లో ఉంచుతాను, నడపడానికి ఒక మనిషిని పెట్టుకున్నాను. లైసెన్సు ఉంది, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒక్క ప్రమాదం లేదు. కెమెరా కేసు ఒకటి ఉంది, క్షమించాను.

బండి ఇప్పట్లో రాదని, నీ సంగతి, గోడకు రంగు వేసిన స్నేహితులకు చెప్పాను. "అమెరికాలో అమ్మని బండి సరే, ఆ బండి నడిపే అమ్మమ్మను ఎక్కడ అమ్ముతారు?" అని అడిగారు.

నీ లైసెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో రాయి. అది తీరాక నేను తెచ్చుకుంటాను. అమెరికా ఇరవై ఐదేళ్ళు ఆగింది, నేను కొంచెం ఆగలేనా?

మే 16న వస్తున్నాను, రెండు వారాలు. సీటు అక్కడే ఉండనీ. ఎవరికోసమూ వెనక్కి జరపకు.

ఉజ్వల


జింజ్
27 మార్చి 2025

ఉజ్వలా,

తప్పులు లేవు. మొదటిసారి. నీ ఉత్తరాన్ని కారు పుస్తకంలో పెట్టాను.

మే 16 శుక్రవారం. విమానాశ్రయానికి నేనే వస్తాను. మీ అమ్మ వెనక సీట్లో కూర్చుంటుంది. నాలుగు వారాలుగా అక్కడే కూర్చుని బ్రేకు వేస్తోంది, కాలి కింద ఏమీ లేకపోయినా. నీ చోటు నా పక్కన. దారిలో నాకు సలహాలు ఇవ్వకూడదు. గోడకు గుద్దించేవాళ్ళ సలహా నాకు అక్కరలేదు. బెల్టు పెట్టుకోవాలి, ఆ నిబంధన నాది, దీనికి వయసు మినహాయింపు లేదు.

బండి ఆగాక నువ్వు డ్రైవరు సీటులో కూర్చో. ఎంతసేపైనా సరే. మోకాళ్ళు స్టీరింగుకు తగులుతాయి, ఓర్చుకో.

లైసెన్సు గడువు అడిగావు. 2026 నవంబరు. తర్వాత రెన్యువల్ చేయించుకోనని నేను ఎక్కడా రాయలేదు, చూసుకో.

ఈ ఉత్తరం మూసే ముందు రీడింగు 1,86,862. పోస్టాఫీసుకు వెళ్ళి రావడం నాలుగు కిలోమీటర్లు. ఇవాళ గురువారమే. అయినా శుక్రవారం దాకా ఆగమని ఏ చట్టంలోనూ లేదు కనుక, జల్లాఖ్ మీదుగా వెళ్తున్నాను. తర్వాతి అంకె నువ్వే లెక్కకట్టుకో.

అమ్మమ్మ